గ్లూకోజు కంటే ముందు

రోగిని మంచానికి కట్టేటప్పుడు ముడి ఎలా వేయాలో నాకు మా హెడ్ సిస్టర్ నేర్పింది. కట్టుగుడ్డను నాలుగు మడతలు పెట్టి, మణికట్టుకు రెండు చుట్లు తిప్పి, కొసను మంచం కోడుకు కాకుండా కింది ఇనుప పట్టీకి కట్టాలి. కోడుకు కడితే రోగి పళ్లతో అందుకుంటాడు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. డెబ్బైల చివరి మాట. గోదావరికి ఈవల, అడవి మొదలయ్యే చోట ఉన్న ముప్పై పడకల సర్కారు దవాఖాన అది. పాముకాట్లు, చలిజ్వరాలు, కాన్పులు, చెట్ల మీది నుంచి పడ్డవాళ్లు ఎక్కువగా వచ్చేవారు. తాగినవాళ్లు వస్తే వరండాలో పడుకోబెట్టేవాళ్లం. కేస్‌షీటు మీద ఏం రాసినా మాలో మేము మాత్రం 'తాగుబోతు కేసు' అనుకునేవాళ్లం. ఆ మాట ఒకసారి పడ్డాక ఆ మంచం దగ్గరికి ఎవరమూ తొందరగా పోయేవాళ్లం కాదు.

మాది తల్లాడ పక్కన చిన్న ఊరు. మా ఇంట్లో తాగేవాళ్లు లేరు. అందుకే తాగుబోతులంటే నాకు భయం ఉండేది కాదు. ఏవగింపు ఉండేది. భయపడేవాళ్లయినా కాస్త జాలిపడతారు. నాకు అది కూడా లేదు.

ఎనభైల మొదట్లో ఒక బస్సు మెకానిక్‌ను తెచ్చారు. ముప్పై ఏళ్లుంటాయి. జాకీ జారి చెయ్యి నలిగింది. చేతికి కట్టు కట్టాం, నొప్పికి సూది వేశాం. మొదటి రోజు మాతో నవ్వుతూ మాట్లాడాడు. రెండో రోజు గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికిపోయాయి. నొప్పి వల్ల అనుకున్నాను. మూడో రోజు పొద్దున దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని దులపడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి మంచం దిగి, కట్టు విప్పుకుని, గోడలోంచి ఎవరో పిలుస్తున్నారని తల బాదుకున్నాడు. రోజూ తాగే మనిషని వాళ్ల అమ్మ అప్పుడు చెప్పింది. అంతకు ముందు మేం అడగలేదు. ఇద్దరు వార్డుబాయ్‌లు పట్టుకుంటే నేనే కట్టాను. నేర్పిన ముడే వేశాను. కట్టాక పక్క వార్డులో కాన్పు ఉంటే అటు వెళ్లిపోయాను.

అతను మర్నాడు పొద్దున చనిపోయాడు. మణికట్ల దగ్గర చర్మం లేచిపోయి ఉంది. వాళ్ల అమ్మ ఆ చేతులను తన ఒళ్లో పెట్టుకుని, "ఎందుకు గట్టిండ్రు బిడ్డా?" అని అడిగింది. తిట్టలేదు, ఏడవలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. డాక్టరుగారిని అడగమని చెప్పి నేను అక్కడి నుంచి వచ్చేశాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు గడిచాయి. ఎంతమందిని కట్టానో గుర్తు లేదు.

తొంభైల మొదట్లో మా దవాఖానకు ఒక కాగితం వచ్చింది. తాగుడుకు, మత్తుకు అలవాటుపడ్డ రోగులను చూసుకునే పని నేర్చుకోవడానికి ఒక నర్సును పంపాలని, ఆమె తిరిగి వచ్చి మిగతావాళ్లకు నేర్పాలని. నలభై రోజులు హైదరాబాదులో, పిచ్చాసుపత్రిలో. ఆ మాట వినగానే అందరూ తలలు వంచుకున్నారు. నాకు చిన్న పిల్లలు లేరు కాబట్టి నా పేరు రాశారు. వద్దని అనలేదు. ఎందుకు అనలేదో అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

అక్కడ మాకు నేర్పిన మనిషి రిటైరవడానికి దగ్గర పడ్డ ఒక మగ నర్సు. తక్కువ మాట్లాడేవాడు. మొదటి రోజే మమ్మల్ని ఒక రోగి దగ్గరికి తీసుకుపోయాడు. ఆ రోగి గాలిలో దారం చుడుతున్నట్టు చేతులు తిప్పుతున్నాడు. ఈయన స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, తడిగుడ్డతో అతని మొహం తుడిచి, ఇది దవాఖాన, నేను నర్సును, ఇవ్వాళ బుధవారం, నీకు తగ్గుతుంది అని చెప్పాడు. అతను మళ్లీ లేవబోతే మళ్లీ అదే చెప్పాడు. ఒక గంటలో ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. గొంతు మాత్రం ఒక్కసారి కూడా పెంచలేదు. కట్టిన గుడ్డ రోగికి పాములాగానే కనబడుతుందని, దాన్ని వదిలించుకోవడానికి పెనుగులాడి పెనుగులాడి గుండె ఆగిపోతుందని తర్వాత బయట చెట్టు కింద చెప్పాడు. నేను బాత్‌రూములోకి వెళ్లి తలుపు వేసుకుని చాలాసేపు ఉన్నాను.

ఆ నలభై రోజుల్లో నేర్చుకున్నవి పెద్ద విషయాలేమీ కావు. ప్రతి రోగినీ, ఏ జబ్బుతో వచ్చినా, తాగుతావా, ఎంత, ఆఖరిసారి ఎప్పుడు అని సిగ్గుపడకుండా, సిగ్గుపెట్టకుండా అడగాలి. రోజూ తాగేవాడు ఉన్నట్టుండి మానితే మొదటి రోజు చేతులు వణుకుతాయి, రెండో రోజు ఫిట్స్ రావచ్చు, మూడో రోజు లేనివి కనబడతాయి. మత్తు సూది సమయానికి పడాలి. ఇంకొకటి, పుస్తకంలో ఆయన రెండుసార్లు గీత గీయించినది: ఏళ్లతరబడి తాగి తిండి మానినవాడికి ముందు బి-వన్ విటమిన్ సూది వేయాలి, ఆ తర్వాతే గ్లూకోజు ఎక్కించాలి. తారుమారు చేస్తే ఒంట్లో మిగిలిన కాస్త బి-వన్నూ ఆ గ్లూకోజు తినేస్తుంది. కళ్లు నిలవవు, నడక తూలుతుంది, ఆపైన జ్ఞాపకం పోతుంది. పోయింది చాలామందికి తిరిగి రాదు.

తిరిగి వచ్చాక వాడకుండా పడి ఉన్న పాత ఎక్స్‌రే గదిలో మంగళవారం మధ్యాహ్నాలు క్లాసు మొదలుపెట్టాను. ఏడుగురు నర్సులు. సెలైన్ సీసాలు వచ్చిన ఒక అట్టపెట్టెలో చూపించడానికి కావలసినవి సర్దుకున్నాను: చార్టులు, నాలిక కరుచుకోకుండా పెట్టే గుడ్డచుట్ట, మత్తు సూదిమందు గాజుసీసాలు రెండు, బి-వన్‌వి నాలుగు. చేతిలో పట్టుకుని చూస్తేనే పేరు గుర్తుంటుందని వాటిని వాళ్ల చేతులకు ఇచ్చేదాన్ని.

మొదటి క్లాసులోనే హెడ్ సిస్టర్ లేచి నిలబడింది. నాకంటే పదేళ్లు పెద్దది. ఆమెను అక్కా అనేదాన్ని.

"ఇంట్ల ఒకడ్ని పదిహేనేండ్ల సంది సూస్తున్న. పొద్దుగాల వాడు కక్కింది ఎత్తిపోసి డ్యూటీకొస్తున్న. ఈడ గూడ గసొంటోళ్ల పక్కన కూసోని మూతి తుడువుమంటవా? నాతోని గాదు," అంది.

ఆమె వెళ్లిపోతుందనుకున్నాను, కానీ కూర్చుంది. మరో రెండు వారాలు గోడకు ఆనుకుని మాట్లాడకుండా కూర్చుంది. ఆ తర్వాతి వారం నేను చేతుల వణుకు గురించి చెబుతుంటే మధ్యలో అందుకుంది. పుస్తకంలో ఉన్నట్టు చేతులు చాపించి చూస్తే తెలియదని, సిగ్గుపడి బిగబట్టుకుంటారని చెప్పింది. చొక్కా గుండీ పెట్టుకోమనాలి, అప్పుడు తెలుస్తుందంది. తన భర్త పొద్దున్నే గుండీ పెట్టుకోలేక చొక్కా విప్పి విసిరికొట్టడం రోజూ చూస్తానని చెప్పింది. ఆ రోజు నుంచి రోగి గుర్తులు చెప్పే క్లాసు ఆమెదే అయింది. నాకంటే బాగా చెప్పేది. కళ్లలో మాత్రం ఏ జాలీ కనబడేది కాదు.

మిగతావాళ్లలో బాగా నేర్చుకున్నది ఒక చిన్న నర్సు. సత్తుపల్లి వైపు పిల్ల, ఇరవై మూడేళ్లు. చెప్పినది చెప్పినట్టు నోటుపుస్తకంలో రాసుకునేది, అర్థం కానిది అడిగేది.

ఆ ఏడాదే ఊళ్లలో ఆడవాళ్లు సారా దుకాణాల ముందు కూర్చున్నారు. మా చుట్టుపక్కల కూడా చీపుర్లు, కారప్పొడి పట్టుకుని రోజుల తరబడి కూర్చున్నారు. పాకెట్లు తెచ్చే జీపులను దారిలోనే ఆపారు. హెడ్ సిస్టర్ సెలవు పెట్టి మరీ రెండు రోజులు వాళ్లతో కూర్చుని వచ్చింది. తర్వాత సారా బంద్ అవుతోందని కబురు తెలిసినప్పుడు వార్డులో ఆయమ్మలు చక్కెర పంచారు. నేనూ తిన్నాను. తింటూనే, మూడో రోజు ఏమవుతుందో గుర్తొచ్చింది.

డాక్టరుగారికి చెప్పాను. ఆయన మంచివాడు, ఒక్కడే ఉండేవాడు, ఎప్పుడూ అలిసిపోయి ఉండేవాడు. మందులకు ఇండెంటు రాయమన్నాడు. రాశాను. అవి రాకముందే దుకాణాలు మూతపడ్డాయి.

మూడో రోజు నుంచి మొదలైంది. ఎడ్లబండ్ల మీద, జీపుల్లో, మంచాల మీద మోసుకుని వచ్చారు. వరండా కూడా సరిపోలేదు. ఒకడు ఫిట్స్‌లో నాలిక కొరుక్కుని రక్తం కక్కుతున్నాడు. ఒక ముసలాయన కోయలో ఎవరినో బతిమాలుతుంటే, ఆ భాష తెలిసిన ఆయమ్మ, చచ్చిపోయిన కూతురితో మాట్లాడుతున్నాడని చెప్పింది. అందరం రెండేసి డ్యూటీలు చేశాం. ఒక్కరిని కూడా కట్టలేదు. అది ఒక్కటే మేం చెప్పుకోగలిగింది. స్టోరులో ఉన్న మత్తు సూదులు పంచి పంచి వేశాం. బి-వన్ రోగులు రావడం మొదలైన రెండో రోజుకే అయిపోయింది. ఇద్దరు చనిపోయారు.

దుకాణాలు మూసిన ఐదో రోజు మధ్యాహ్నం దమ్మపేట వైపు నుంచి ఒకామె భర్తను తెచ్చింది. ముప్పై అయిదేళ్ల మనిషి. అడవిలోంచి డిపోకు వెదురు తోలే బండివాడు. పదిహేనేళ్లుగా తాగుడు. నాలుగు రోజులుగా ముద్ద దిగలేదు, తాగిన నీళ్లు కూడా కక్కేస్తున్నాడు. పెదాలు పగిలి, కళ్లు లోపలికి పోయి, పిలిస్తే పలకడం లేదు. ఆమె ముప్పై దాటని మనిషి, బక్కపలచగా ఉంది. వాళ్ల ఊళ్లో దుకాణం ముందు మొదట కూర్చున్నది ఆమేనట. ఆ సంగతి వెంట వచ్చినవాళ్లలో ఒకడు వెటకారంగా చెప్పాడు.

అప్పుడు నేను కింద కూర్చుని ఫిట్స్ వచ్చిన ఇంకొక రోగిని పక్కకు తిప్పి పట్టుకుని ఉన్నాను. చిన్న నర్సు ఆ బండివాడి చేతికి సూది గుచ్చి, నరం దొరకబట్టి, నన్ను పిలిచింది.

"సిస్టర్, బి-వన్ లేదు. ఒట్టి సెలైన్ కూడా అయిపోయింది, గ్లూకోజు సీసాలే ఉన్నాయి. పెట్టనా, ఆగనా?"

"పెట్టు. మనిషి పోయేటట్టున్నడు," అన్నాను.

ఆమె ఒక క్షణం నా వైపు చూసింది. "ముందు బి-వన్ అన్నారు కదా," అంది.

"లేదు గదా. పెట్టమంటున్న," అని కసిరాను.

ఆమె పెట్టింది. సీసాలో బొట్టు బొట్టుగా దిగుతుంటే ఆ భార్య చేతులు జోడించింది.

పాత ఎక్స్‌రే గది ఆ వరండా చివరే. నలభై అడుగులుంటుంది. అందులో, బీరువా కింద, అట్టపెట్టెలో నాలుగు బి-వన్ సూదులున్నాయి. తాళంచెవి నా జేబులోనే ఉంది. ఆ క్షణంలో నాకు ఆ పెట్టె గుర్తు రాలేదు. అవి క్లాసులో చూపించే వస్తువులయ్యాయి నాకు, మందులన్న సంగతి మరిచిపోయాను. ఇంతకంటే వేరే సమాధానం నాకు ఇప్పటికీ దొరకలేదు.

తర్వాత నాలుగు రోజులు అతను మంచంలోనే బండి తోలాడు. ఎడ్లను పేరుపెట్టి పిలిచి, వాగు దిగేటప్పుడు అదిలించినట్టు అదిలించాడు. మేం వంతులు వేసుకుని పక్కన కూర్చున్నాం. హెడ్ సిస్టర్ కూడా కూర్చుంది. ఇది దవాఖాన, ఈమె నీ భార్య, నీకు తగ్గుతుంది అని ఆమె గట్టిగా, ముక్కుసూటిగా చెబుతుంటే అతను ఆమె మాటకే ఎక్కువ లొంగేవాడు. అతని భార్య మంచం పక్క నుంచి కదలలేదు. చెంచాతో జావ పోసింది, బట్టలు మార్చింది. ఒక సాయంత్రం నేను సీసా మారుస్తుంటే మెల్లగా అడిగింది.

"సిస్టరమ్మా, సారా లేకనే గిట్లయిండంట గదా. దుకాణం బంద్ బెట్టించింది నేనే. అయితే నేనే జేసుకున్ననా ఇది?"

కాదని చెప్పాను. తాగుడు వల్ల వచ్చిన జబ్బని, మానడం వల్ల కాదని క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఆమె తల ఊపింది కానీ నమ్మలేదు.

ఐదో రోజు పొద్దున అతను లేచి కూర్చున్నాడు. జ్వరం లేదు, వణుకు లేదు. అన్నం అడిగాడు. ఆ పూట మా నర్సులు ఎంత సంతోషించారో చెప్పలేను. కట్టకుండా, కొట్టకుండా, పక్కన కూర్చుని బతికించిన మనిషి. చిన్న నర్సు అతనికి అన్నం పెట్టి, నోటుపుస్తకంలో రాసుకున్న ప్రశ్నలు అడిగింది. ఏ ఊరు, భార్య పేరేంటి. అన్నీ సరిగ్గా చెప్పాడు. పొద్దున ఏం తిన్నావని అడిగితే, వాగు దగ్గర తమ్మునితో కలిసి జొన్నరొట్టె తిన్నానని చెప్పాడు. భార్య మొదట నవ్వింది. తమ్ముడు చనిపోయి ఆరేళ్లయిందని చెప్పింది. కాసేపు ఆగి మళ్లీ అడిగితే ఈసారి పెళ్లివారింట్లో తిన్నానన్నాడు. చిన్న నర్సు తన వేలు అతని కళ్ల ముందు అటూ ఇటూ కదిపి చూసింది. నల్లగుడ్లు నిలవకుండా కొట్టుకుంటున్నాయి. లేచి నిలబడమంటే కాళ్లు ఎడంగా వేసి తూలి మంచం పట్టుకున్నాడు.

ఆమె నన్ను పిలవలేదు. నేను ఎదురుగానే ఉన్నాను. ఇద్దరికీ తెలిసింది.

అప్పుడు గుర్తొచ్చింది పెట్టె. పరుగెత్తుకుంటూ వెళ్లి తాళం తీశాను. నాలుగూ ఉన్నాయి. నా క్లాసుల్లో ఏడుగురి చేతులూ మారి మారి, వాటి మీది అక్షరాలు సగం చెరిగిపోయాయి. వరసగా వేశాం. రెండు రోజులకు కళ్లు నిలిచాయి. నెలకు నడక కాస్త కుదురుకుంది. జ్ఞాపకం తిరిగి రాలేదు. పాతవి ఉన్నాయి. కొత్తది ఏదీ నిలవదు. చెప్పింది చెప్పిన నిమిషానికి జారిపోతుంది. అడవిలో ఏ బాట ఎటు పోతుందో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి, వార్డు నుంచి పంపు దగ్గరికి పోయి తిరిగి రాలేకపోయేవాడు.

డాక్టరుగారికి అంతా చెప్పాను. పెట్టె సంగతి కూడా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పదిహేనేళ్ల తాగుడు, నాలుగు రోజుల పస్తు, వచ్చేటప్పటికే అయిపోయి ఉండొచ్చు, గ్లూకోజు వల్లనే అని ఎవరూ చెప్పలేరు అన్నాడు. అది నిజమే. తర్వాత ఇంకొకటి అన్నాడు.

"ఇది బయటికి చెప్తే మెమో వస్తది సిస్టర్. నీకే గాదు, సీసా పెట్టింది ఆ పిల్ల. ఆమె కొలువు పోతది. నీ క్లాసు గూడ బందైతది. ఆలోచించుకో."

నేను ఆలోచించుకుని ఊరుకున్నాను. ఆ పిల్ల కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ భార్య భర్త చెయ్యి పట్టుకుని దవాఖాన గేటు దాటేటప్పుడు వెనక్కి తిరిగి మాకందరికీ దండం పెట్టింది.

తర్వాత ఆరు నెలలూ క్లాసు ఎప్పటిలాగే నడిచింది. ఊళ్లలో దొంగచాటుగా గుడుంబా కాయడం మొదలైంది కాబట్టి రోగులు తగ్గలేదు. ఒకసారి బాగుచేసి పంపినవాళ్లే కడుపులు ఉబ్బి తిరిగి వచ్చారు. బి-వన్ గురించి చెప్పేటప్పుడు నేను గోడ వైపు చూస్తూ చెప్పేదాన్ని. చిన్న నర్సు ప్రశ్నలు అడగడం మానేసింది.

ఒకనాడు దమ్మపేట నుంచి వచ్చిన ఒక బాలింత ద్వారా వాళ్ల సంగతి తెలిసింది. సారా బంద్ పెట్టించి మొగుణ్ని పిచ్చోణ్ని చేసిందని ఊళ్లో మగవాళ్లంతా ఆ బండివాడి భార్యను ఆడిపోసుకుంటున్నారట. పంచాయతీ ముందు, బావి దగ్గర, ఎక్కడ కనబడితే అక్కడ అంటున్నారట. ఆమెతో పాటు దుకాణం ముందు కూర్చున్న ఆడవాళ్లను కూడా ఇళ్లలో, మాకూ అదే గతి పట్టిస్తారా అని నిలదీస్తున్నారట. ఆమె ఆడవాళ్ల సంఘానికి పోవడం మానేసిందట. ఊరి చివర గుడుంబా కాస్తుంటే అడిగేవాళ్లు లేరట.

ఆ ఒక్క రాత్రే నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధం. చాలా నెలలుగా పట్టడం లేదు. మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాను.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. అతను వాకిట్లో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. శుభ్రంగా గడ్డం గీసి ఉంది. ఇంటి తలుపు నుంచి బావి దాకా నేల మీద ముగ్గుపిండితో ఒక గీత గీసి ఉంది. అతను నీళ్లకు పోయి తిరిగి రావడానికి ఆమె గీసిందట. వాన వస్తే మళ్లీ గీస్తుందట. ఆమె మిరప కోతకు పోయి అప్పుడే వచ్చినట్టుంది, చేతులు కడుక్కుంటోంది. నన్ను చూసి పీట వేసింది.

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. సూది లేదనుకున్నానని, ఉందని, నలభై అడుగుల దూరంలో ఉందని, ఆ పిల్ల అడిగితే నేనే కసిరి గ్లూకోజు పెట్టించానని. డాక్టరుగారు అన్నదీ చెప్పాను, వచ్చేటప్పటికే అయిపోయి ఉండొచ్చని. అది చెబుతుంటే నా గొంతు నాకే నచ్చలేదు.

ఆమె తడి చేతులు అట్లాగే పట్టుకుని విన్నది.

"గప్పుడే ఎందుకు జెప్పలే?"

నేను నేల మీది ముగ్గు గీత వైపు చూశాను.

"నువ్వు గప్పుడే జెప్తే ఆర్నెల్ల సంది గీ ఊరోళ్ల మాటలు పడకపోదును. మా అత్త నన్ను మొగుణ్ని మింగినదానా అన్నది. నిజమే గావచ్చు అనుకున్న. రోజూ అనుకున్న." ఆమె చీరకొంగుకు చేతులు తుడుచుకుంది. "నడువు. నాకు జెప్పింది ఆళ్లకు గూడ జెప్పు."

పంచాయతీ ఆఫీసు ముందు ఏడెనిమిది మంది మగవాళ్లున్నారు. ఆమె నన్ను వాళ్ల ఎదురుగా నిలబెట్టి, తాను పక్కకు జరిగి నిలబడింది. నేను మొదటినుంచీ చెప్పాను. ఈమె తప్పు లేదు, దుకాణం మూసినందుకు కాదు, తప్పు దవాఖానలో జరిగింది, చేసింది నేను అని చెప్పాను. వాళ్లు మధ్యలో మాట్లాడకుండా విన్నారు. అయిపోయాక ఒక పెద్దాయన అడిగాడు.

"అంటే అమ్మా, ఆ సూది ముందుగాల ఏసుకుంటే తాగినా ఏంగాదా?"

ఇద్దరు నవ్వారు. ఎన్ని రకాలుగా చెప్పినా ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. ఆమె మొహం చూశాను. కోపం కూడా లేదు. ఇంత దూరం వచ్చి, ఇంత చెప్పి, నేను వాళ్ల చేతికి ఇచ్చింది ఇంకొక సాకు. ఒకే ఒకడు, చివర నిలబడ్డ నడివయసు మనిషి, తలవంచుకుని ఆమెతో, మేమన్నది తప్పే చెల్లే అన్నాడు. ఆమె అతని వైపు చూసి ఇంటి దారి పట్టింది.

బస్సు కోసం రోడ్డు దాకా భార్యాభర్తలిద్దరూ నాతో వచ్చారు. అతను నన్ను చూసి మర్యాదగా ఏ ఊరమ్మా అని అడిగాడు. తల్లాడ అని చెప్పాను. తల్లాడ బాటలో ఎడ్ల మేతకు ఇబ్బంది లేదని చెప్పాడు. కాసేపటికి మళ్లీ ఏ ఊరమ్మా అని అడిగాడు. మళ్లీ చెప్పాను. మూడోసారి అడిగినప్పుడు ఆమె, ఎండలో నిలబడలేక కాబోలు, అతని భుజానికి ఆనుకుంది. బస్సు వచ్చింది. ఆమె నన్ను మళ్లీ రమ్మనలేదు. రావద్దనీ అనలేదు.

మర్నాడు డాక్టరుగారికి రాతపూర్వకంగా ఇచ్చాను. గ్లూకోజు పెట్టమన్నది నేనేనని, ఆ నర్సు ముందే అడిగిందని రాశాను. మెమో వచ్చింది, రెండేళ్లు నా ఇంక్రిమెంటు ఆగింది. ఆ పిల్లకు ఏమీ కాలేదు. క్లాసు కూడా ఆగలేదు, ఎందుకంటే అది జరుగుతోందని పైన ఎవరికీ గుర్తు లేదు. తర్వాతి మంగళవారం ఏడుగురినీ కూర్చోబెట్టి, బండివాడి సంగతి మొత్తం, మెకానిక్ సంగతి కూడా చెప్పాను. హెడ్ సిస్టర్ గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది. ముడి నేర్పింది తనేనని ఆమెకు గుర్తుందో లేదో నాకు తెలియదు. ఆమె భర్త ఆ ఎండాకాలమే పోయాడు. మూడు రోజులు మా వార్డులోనే, ఆమె చేతుల మీదే ఉన్నాడు. నేర్చుకున్నవన్నీ చేసింది. ఒక్కటీ వదలలేదు.

క్లాసు అయ్యాక అందరూ వెళ్లిపోయారు. చిన్న నర్సు మాత్రం తలుపు దగ్గర ఆగింది.

"నేను అడిగాను కదా సిస్టర్," అంది.

అడిగావని ఒప్పుకున్నాను. నా మాట వినకుండా ఉండాల్సిందని, ఇకముందు ఎవరు కసిరినా వినొద్దని చెప్పాను. ఆమె నోటుపుస్తకం గుండెలకు ఆనించుకుని వింది. ఆ దవాఖానలో మేమిద్దరం ఇంకో నాలుగేళ్లు కలిసి పనిచేశాం. ఆ నాలుగేళ్లలో ఆమె నన్ను ఏ మందు గురించీ అడగలేదు. స్టోరు తాళం తానే తీసి, బీరువాలు తానే వెతికి, చూసుకుని వేసేది.